కుడి గుండె మొరాయిస్తే... సిరలో చిట్టి మోటారు
రొమ్ము కోయకుండానే ఆసరా - ఆలస్యమైతే మాత్రం ఫలితం అంతంత మాత్రమే

గుండె ఒక్కటే అయినా అందులో పంపులు రెండు. ఎడమ పంపు మంచి రక్తాన్ని ఒళ్లంతటికీ తోస్తుంది. కుడి పంపు ఒళ్లంతా తిరిగి వచ్చిన చెడు రక్తాన్ని ఊపిరితిత్తులకు పంపుతుంది. గుండెజబ్బు అనగానే అందరూ మాట్లాడేది ఎడమ పంపు గురించే. కుడి పంపు ఊసు ఎవరూ ఎత్తరు. కానీ అది చెడినా ప్రాణం మీదికి వస్తుంది.

అలా చతికిలబడిన కుడి గుండెకు కొద్ది రోజులపాటు ఆసరాగా నిలిచే చిన్న మోటారు ఇప్పుడు వైద్యుల చేతికి వచ్చింది. దీనికోసం రొమ్ము కోయనక్కరలేదు. ఎముక తెరవనక్కరలేదు. తొడ మొదట్లోనో, మెడ దగ్గరో ఉండే పెద్ద సిరలో నుంచి దీనిని గుండెలోకి పంపుతారు. గుండె తేరుకున్నాక అదే దారిన బయటకు లాగేస్తారు. పొలానికి నీళ్లు తోడే యంత్రాన్ని చూసి పుట్టిన ఆలోచన దీనికి మూలం కావడం విశేషం.

రెండు దశల ఎత్తిపోతల

ఎత్తిపోతల పథకం చూసిన రైతుకు గుండె పని సులువుగా అర్థమవుతుంది. మొదటి దశ పంపులు నీటిని తొట్టిలోకి ఎత్తుతాయి. రెండో దశ పంపులు ఆ తొట్టి నుంచి పై కాలువకు ఎత్తుతాయి. మొదటి దశ ఆగిపోతే రెండో దశ పంపులు ఎంత మంచివైనా తోడడానికి నీరుండదు. గుండెలోనూ అంతే. కుడి వైపు తోసిన రక్తం ఊపిరితిత్తుల్లో ప్రాణవాయువు నింపుకొని ఎడమ వైపుకు వస్తుంది. కుడి వైపు తోయకపోతే ఎడమ వైపుకు రక్తమే అందదు. రక్తపోటు పడిపోతుంది. మూత్రపిండాలకు, మెదడుకు రక్తం చాలదు.

ఇది ముందు వైపు కష్టం. వెనుక వైపు కష్టం ఇంకొకటి. తూము మూసుకుపోతే వెనుక కాలువ పొంగి గట్లు నానినట్లు, కుడి గుండె తోయలేని రక్తం సిరల్లో నిలిచిపోతుంది. కాలేయం ఉబ్బుతుంది. కాళ్లలో, పొట్టలో నీరు చేరుతుంది.

పెద్దవారిలో గుండె నిమిషానికి సుమారు 5 లీటర్ల రక్తాన్ని తోడుతుంది. రెండు పంపులూ తోడేది సమానమే. పీడనంలోనే తేడా. ఎడమ వైపు 120 మిల్లీమీటర్ల పాదరస పీడనంతో తోస్తే, కుడి వైపు 25 మిల్లీమీటర్లతో తోస్తే చాలు. అందుకే ఎడమ గది గోడ ఇంచుమించు ఒక సెంటీమీటరు మందం ఉంటే, కుడి గది గోడ 3 నుంచి 5 మిల్లీమీటర్లే ఉంటుంది. పలుచని గోడ కనుక అది రక్తం ఎక్కువైతే కొంత సాగి సర్దుకుంటుంది. ఎదురు పీడనం హఠాత్తుగా పెరిగితే మాత్రం తట్టుకోలేదు.

కుడి గుండె ఎందుకు చెడుతుంది?

ఎక్కువ మందిలో ఎడమ గుండె బలహీనపడడమే దీనికి కారణం. ఎడమ వైపు తోయలేని రక్తం ఊపిరితిత్తుల్లో నిలిచి, ఆ భారం కుడి వైపు మీద పడుతుంది. చిన్నతనంలో గొంతునొప్పి, కీళ్లవాపుతో వచ్చే రుమాటిక్ జ్వరం గుండె కవాటాలను పాడుచేస్తుంది. ఎడమ వైపు ఉండే మిట్రల్ కవాటం ఇరుకైతే ఏళ్ల తరబడి ఆ భారం మోసి కుడి గుండె అలసిపోతుంది.

రెండో కారణం ఊపిరితిత్తుల జబ్బు. బీడీ, చుట్ట, సిగరెట్టు, వంటచెరకు పొగ ఊపిరితిత్తులను దెబ్బతీస్తే వాటిలోని రక్తనాళాలు బిగుసుకుంటాయి. భారతదేశపు తొలి మహిళా హృద్రోగ నిపుణురాలిగా పేరు పొందిన డాక్టర్ శివరామకృష్ణ అయ్యర్ పద్మావతి ఢిల్లీలో ఈ జబ్బు మీద పరిశోధన చేశారు. 127 మంది రోగుల వివరాలతో ఆమె, ఆమె సహచరుడు రాసిన వ్యాసం 1959లో అమెరికా వైద్య పత్రికలో వచ్చింది. పొగతాగే అలవాటు లేని ఆడవారిలోనూ ఈ జబ్బు కనిపించడంతో ఆ పరిశోధనలు వంటింటి పొగ వైపు వేలు చూపాయి. ఆమెకు 1992లో పద్మవిభూషణ్ లభించింది. 2020లో, 103 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

ఈ రెండూ మెల్లగా తినేసే కారణాలు. హఠాత్తుగా కుడి గుండెను పడగొట్టేవి వేరే ఉన్నాయి. గుండె కింది భాగంలో వచ్చే గుండెపోటు కొందరిలో కుడి గదికీ పాకుతుంది. కాలి సిరలో కట్టిన గడ్డ కదిలి వెళ్లి ఊపిరితిత్తుల నాళంలో అడ్డుపడుతుంది. పెద్ద ఆపరేషన్, కాన్పు, తుంటి ఎముక విరిగి మంచం పట్టడం వంటివాటి తర్వాత ఈ ప్రమాదం ఎక్కువ. గుండె ఆపరేషన్ తర్వాత, గుండె మార్పిడి తర్వాత, ఎడమ గుండెకు శాశ్వత పంపు అమర్చిన తర్వాత కూడా కొందరిలో కుడి గది మొరాయిస్తుంది. చిట్టి మోటారు అవసరం వచ్చేది ముఖ్యంగా ఇలా హఠాత్తుగా పడిపోయిన గుండెలకే.

సిరలో గొట్టం - ఒక కుర్ర డాక్టరు సాహసం

సిర గుండా గుండెలోకి వెళ్లవచ్చునని మొదట రుజువు చేసింది జర్మనీకి చెందిన వెర్నర్ ఫోర్స్‌మన్. అది 1929. ఎబర్స్‌వాల్డ్ అనే ఊరి ఆస్పత్రిలో పనిచేస్తున్న ఆయనకు అప్పుడు పాతికేళ్లు. గుండెను ముట్టుకుంటే మనిషి చనిపోతాడని వైద్యులు నమ్మే రోజులవి. పై అధికారి ఒప్పుకోలేదు. ఫోర్స్‌మన్ ఒక నర్సును ఒప్పించి, ఆమె మీదే ప్రయోగం చేస్తున్నట్లు నమ్మించి బల్లకు కట్టాడు. తర్వాత తన చేతి సిరనే కోసుకొని, మూత్రం తీయడానికి వాడే సన్నని గొట్టాన్ని 65 సెంటీమీటర్ల మేర లోపలికి తోసుకున్నాడు. ఆ గొట్టంతోనే మెట్లు దిగి ఎక్స్‌రే గదికి నడిచి వెళ్లి ఫొటో తీయించుకున్నాడు. గొట్టం కొస కుడి గుండెలో ఉన్నట్లు అందులో కనిపించింది.

ఆనాడు మెచ్చుకున్నవారి కంటే తిట్టినవారే ఎక్కువ. ఆయన గుండె వైద్యం వదిలి మూత్రకోశ వైద్యుడిగా స్థిరపడ్డారు. 27 ఏళ్ల తర్వాత, 1956లో, ఆయనకు మరో ఇద్దరితో కలిపి నోబెల్ బహుమతి ఇచ్చారు.

1970లో అమెరికాలో జెరెమీ స్వాన్, విలియం గాంజ్ అనే వైద్యులు ఆ గొట్టం కొసకు చిన్న బుడగ కట్టారు. తెరచాప పడవను గాలి తీసుకుపోయినట్లు, రక్త ప్రవాహమే ఆ బుడగను కుడి గుండె దాటించి ఊపిరితిత్తుల నాళం దాకా తీసుకుపోతుంది. సముద్రంలో తెరచాప పడవలను చూసినప్పుడే స్వాన్‌కు ఈ ఆలోచన వచ్చింది. ఈ గొట్టంతో ఎక్కడెక్కడ ఎంత పీడనం ఉందో కొలవవచ్చు. చెడింది కుడి పంపా, ఎడమ పంపా, రెండూనా అన్నది తేల్చడానికి నేటికీ ఇదే నమ్మకమైన దారి.

ఈజిప్టు పొలాల్లో దొరికిన ఉపాయం

మోటారు కథ వేరే చోట మొదలైంది. రిచర్డ్ వాంప్లర్ అనే అమెరికా వైద్యుడు 1976లో ఈజిప్టులోని ఎల్ బయాద్ అనే ఊరికి వెళ్లారు. అక్కడి రైతులు పొలాలకు నీరు పెట్టే తీరు ఆయనను ఆకర్షించింది. ఏటవాలుగా పెట్టిన గొట్టం. అందులో మర మాదిరి చుట్టలు తిరిగిన రేకు. చేతితో తిప్పుతుంటే నీరు చుట్ట వెంట చుట్ట ఎక్కి పైకి వచ్చి పొలంలో పడుతుంది. మనకు ఏతం, మోట ఎలాగో వారికి అది అలాగ. గ్రీకు శాస్త్రవేత్త ఆర్కిమెడిస్ పేరుతో దానిని పిలుస్తారు. రెండు వేల ఏళ్లకు పైబడిన యంత్రం.

నీటిని ఎత్తే మర రక్తాన్ని ఎందుకు ఎత్తకూడదని వాంప్లర్ ఆలోచించారు. అంత వేగంగా తిప్పితే రక్తకణాలు నలిగిపోతాయని చాలామంది అన్నారు. రక్తకణం ఆ మరలో ఉండేది రెప్పపాటు కన్నా తక్కువ సేపే కనుక నష్టం కొద్దిగానే ఉంటుందని తర్వాత తేలింది. ఆయన తయారుచేసిన హీమోపంపును 1988లో అమెరికాలోని హ్యూస్టన్ నగరంలో తొలిసారి రోగికి అమర్చారు. అది ఎడమ గుండెకు ఆసరా ఇచ్చే పంపు. మర ఒంటిలో, మోటారు బయట ఉండేవి. రెండింటినీ కలుపుతూ పొడవాటి తీగ తిరిగేది. నిమిషానికి 25 వేల చుట్లు తిరిగే ఆ తీగ అప్పుడప్పుడు తెగేది.

మోటారునే సిరలో పట్టేంత చిన్నదిగా చేస్తే తీగ అవసరమే ఉండదు కదా! జర్మనీలోని ఆఖెన్ నగరంలో హెల్మ్‌హోల్ట్జ్ సంస్థలో థోర్‌స్టెన్ సీస్ అనే ఇంజనీరు ఆ పని మీద కూర్చున్నారు. ఆ కృషి ఫలితమే ‘ఇంపెల్లా’ పంపులు. ఆ కంపెనీని 2005లో అమెరికాకు చెందిన అబియోమెడ్ కొన్నది. అబియోమెడ్‌ను 2022లో జాన్సన్ అండ్ జాన్సన్ కొన్నది. మొదట వచ్చినవి ఎడమ గుండె పంపులు. కుడి గుండెకు తయారైన దాని పేరు ‘ఇంపెల్లా ఆర్‌పి’.

ఎలా అమర్చుతారు?

ఈ గొట్టం మందం సుమారు నాలుగు మిల్లీమీటర్లు. పంపు ఉన్న చోట ఏడు మిల్లీమీటర్లకు కాస్త పైన. తొడ మొదట్లో ఉన్న సిరలోకి సూది గుచ్చి, దారి పెద్దది చేసి, ఎక్స్‌రే తెర మీద చూస్తూ పైకి నడిపిస్తారు. పొట్టలోని పెద్ద సిర దాటి, కుడి గుండెలోని రెండు గదులూ రెండు కవాటాలూ దాటి, కొస ఊపిరితిత్తుల నాళంలోకి చేరుతుంది. గుండెకు దిగువన పెద్ద సిరలో ఉన్న రంధ్రాల గుండా రక్తాన్ని పీల్చి, ఊపిరితిత్తుల నాళంలో వదులుతుంది. అంటే అలసిన కుడి గుండెను పక్కన పెట్టి రక్తాన్ని దాటిస్తుంది. పాడైన తూము పక్కన తాత్కాలికంగా అడ్డకాలువ తవ్వినట్లన్న మాట.

మన బోరు మోటారు నిమిషానికి మూడు వేల చుట్ల లోపే తిరుగుతుంది. ఇది 33 వేల చుట్ల దాకా తిరుగుతుంది. నిమిషానికి 4 లీటర్లకు పైగా తోడగలదు. రక్తం మోటారులోకి దిగి గడ్డకట్టకుండా మందు కలిపిన చక్కెర నీటిని చుక్కచుక్కగా పంపుతూ ఉంటారు. పంపును 14 రోజుల దాకా ఉంచవచ్చు.

తొడ దారిలో ఒక చిక్కుంది. రోగి కాలు కదపకుండా మంచం మీదే ఉండాలి. అందుకే మెడ సిర గుండా పంపే ‘ఆర్‌పి ఫ్లెక్స్’ వచ్చింది. దీనికి 2022 అక్టోబరులో అమెరికాలో అనుమతి లభించింది. మెడ దారిన వెళ్లేది ఇంకొకటి ఉంది. దాని పేరు ‘ప్రొటెక్ డుయో’. ఇందులో మోటారు గుండెలో ఉండదు, మంచం పక్కన ఉంటుంది. ఒకే గొట్టంలో రెండు దారులు. ఒక దారి కుడి గుండె పై గది నుంచి రక్తాన్ని బయటకు తెస్తుంది. ఇంకో దారి దానిని ఊపిరితిత్తుల నాళానికి చేరుస్తుంది. ఊపిరితిత్తులు కూడా పనిచేయకపోతే మధ్యలో ప్రాణవాయువు నింపే యంత్రం కలపవచ్చు. మెడ దారి పంపులతో రోగి లేచి కూర్చోవచ్చు, సాయం ఉంటే నాలుగడుగులు వేయవచ్చు.

ఎక్మో అన్న పేరు మన పల్లెల్లోనూ చాలామందికి తెలుసు. 2020లో గాయకుడు ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం గారికి చెన్నైలో ఆ యంత్రం అమర్చారు. ఎక్మో రక్తాన్ని ఒంటి బయటకు తెచ్చి ప్రాణవాయువు నింపి తిరిగి పంపుతుంది. చిట్టి మోటారు పని అంతకంటే చిన్నది. అది కుడి గుండె పని ఒక్కటే చేస్తుంది, ప్రాణవాయువు నింపడం ఊపిరితిత్తులకే వదిలేస్తుంది.

అంకెలు చెప్పిన పాఠం

ఈ పంపును మొదట 30 మంది రోగుల మీద పరీక్షించారు. సగటున మూడు రోజులు పంపు పనిచేసింది. నెల తర్వాత, లేదా ఆస్పత్రి నుంచి ఇంటికి వెళ్లేనాటికి, నూటికి 73 మంది చొప్పున బతికారు. అంతకు ముందు ఇలాంటి రోగులకు ఆశ తక్కువ కనుక ఇది పెద్ద మాటే. 2015లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ పరిమితంగా, 2017లో పూర్తిగా అనుమతి ఇచ్చింది.

తర్వాత అసలు సంగతి బయటపడింది. అనుమతి తర్వాత పంపు పెట్టించుకున్నవారి లెక్క తీస్తే బతికినవారు చాలా తక్కువ. 2019 ఫిబ్రవరిలో ఆ సంస్థ వైద్యులందరికీ హెచ్చరిక లేఖ రాసింది. పంపులో లోపమా, వాడడంలో లోపమా అని తరచి చూశారు. అదే ఏడాది మే నెలలో 42 మంది లెక్క వెల్లడించారు. అందులో బతికినవారు 12 మందే.

ఆ 42 మందిని రెండు జట్లుగా విడదీశారు. మొదటి పరీక్షల్లో పెట్టిన షరతులకు సరిపోయినవారు 14 మంది. వారిలో 9 మంది బతికారు. మిగిలిన 28 మంది ఆ షరతులకు సరిపోనివారు. చాలాసేపు షాక్‌లో ఉండి, మూత్రపిండాలు, కాలేయం దెబ్బతిన్న తర్వాత పంపు పెట్టినవారు వీరిలో ఉన్నారు. ఈ 28 మందిలో బతికినవారు ముగ్గురే. పంపు అదే, వైద్యులు అటువంటివారే. రోగిని ఎంచుకోవడంలో, వేళకు పంపు పెట్టడంలోనే తేడా వచ్చింది. చేను ఎండి పగుళ్లు తీశాక మోటారు వేస్తే పైరు లేవదు. వేళ్లలో జీవం ఉండగా నీరు పెట్టాలి.

అందరికీ పనికి రాదు

ఈ పంపు జబ్బును నయం చేయదు. గుండె తనంతట తాను తేరుకునే దాకా, లేదా గుండె మార్పిడి వంటి పెద్ద చికిత్సకు దారి దొరికే దాకా గడువు ఇస్తుంది. గుండెపోటు అయితే మూసుకున్న నాళం తెరవాలి. ఊపిరితిత్తుల్లో గడ్డ ఉంటే దానిని కరిగించాలి లేదా తీయాలి. అసలు కారణానికి వైద్యం చేయకుండా పంపు ఒక్కటే పెట్టి లాభం లేదు.

కుడి వైపు కవాటానికి బదులు లోహపు కవాటం పెట్టి ఉంటే ఈ పంపు పెట్టరాదు. పెద్ద సిరలోనో, గుండెలోనో గడ్డ ఉన్నా కుదరదు. ఎడమ గుండె కూడా బలహీనంగా ఉంటే కుడి పంపు తోసిన రక్తం ఊపిరితిత్తుల్లో నిలిచి ఆయాసం ఎక్కువవుతుంది. అప్పుడు రెండు వైపులా పంపులు పెట్టాలి. పొగవల్లనో, మరే కారణంవల్లనో ఏళ్ల తరబడి చెడిన ఊపిరితిత్తులకు ఇది మందు కాదు. రక్తం పలుచబడే మందులు వాడాలి కనుక రక్తస్రావం జరగవచ్చు. కొన్ని రక్తకణాలు చితికి మూత్రం ఎర్రబడవచ్చు. ఖర్చు కూడా చాలా ఎక్కువ. పెద్ద గుండె ఆస్పత్రుల్లో, శిక్షణ పొందిన వైద్య బృందం ఉన్న చోట మాత్రమే ఇటువంటి పంపులు వాడతారు.

పల్లెలో మనం చూడవలసినవి

పంపు పెద్ద ఆస్పత్రిలో ఉంటుంది. జబ్బు గుర్తులు ఇంట్లో కనిపిస్తాయి. సాయంత్రానికి రెండు పాదాలూ ఉబ్బి, వేలితో నొక్కితే గుంట పడి కాసేపటికి గానీ నిండదు. కుడి డొక్క కింద బరువుగా, నొప్పిగా ఉంటుంది. రెండు ముద్దలు తినేసరికి కడుపు నిండినట్లు ఉంటుంది. మెడ నరాలు ఉబ్బి కనిపిస్తాయి. మూత్రం తగ్గుతుంది. నాలుగు రోజుల్లోనే బరువు పెరుగుతుంది. నడిస్తే ఆయాసం వస్తుంది.

ఒంటికి నీరు పట్టిందని కొందరు పసరు వేస్తారు. కోస్తా ఊళ్లలో బోదకాలు అనుకొని ఊరుకునేవారూ ఉన్నారు. పాదాల వాపుకు మూత్రపిండాల జబ్బు, కాలేయ జబ్బు, రక్తహీనత కూడా కారణాలు కావచ్చు. ఏది కారణమో తేల్చవలసింది వైద్యుడే. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చూపించుకొని, వారు చెబితే గుండె స్కానింగు తీయించుకోవాలి.

ఇవి నెమ్మదిగా వచ్చే గుర్తులు. ఒక్కసారిగా ఛాతీలో నొప్పి, చెమటలు, కళ్లు తిరిగి పడిపోవడం, ఉన్నట్టుండి ఆయాసం, ఒక్క కాలే వాచి నొప్పి పెట్టి ఆ తర్వాత దమ్ము ఆడకపోవడం - వీటిలో ఏది కనిపించినా తెల్లవారేదాకా ఆగరాదు. వెంటనే 108కు ఫోన్ చేయాలి. గుండెపోటు వచ్చినవారిలో కుడి గది దెబ్బతిన్నదీ లేనిదీ తెలుసుకోవడానికి వైద్యులు ఛాతీ కుడి వైపున కూడా ఇ.సి.జి. తీస్తారు. కుడి గది దెబ్బతింటే నాలుక కింద పెట్టే బిళ్లతో రక్తపోటు బాగా పడిపోవచ్చు. పక్కింటివారి దగ్గర ఉన్న బిళ్ల తెచ్చి పెట్టడం మంచిది కాదు.

పిల్లలకు గొంతునొప్పితో జ్వరం వచ్చి, తర్వాత కీళ్లు వాస్తే తప్పకుండా వైద్యుడికి చూపించాలి. రుమాటిక్ జ్వరం అని తేలితే మూడు నాలుగు వారాలకు ఒకసారి వేసే పెన్సిలిన్ సూదిమందును ఏళ్ల తరబడి మానకుండా వేయించాలి. వంటింటి పొగ బయటకు పోయే ఏర్పాటు ఉండాలి. చుట్ట, బీడీ మానాలి. ఆపరేషన్ అయినవారిని, బాలింతలను వైద్యుడు చెప్పిన వెంటనే లేపి నడిపించాలి. గుండెజబ్బు ఉన్నవారు ఊరగాయ, అప్పడాలు, ఉప్పుచేప తగ్గించాలి. నీరు తీసే బిళ్లను వాపు తగ్గిందని సొంతంగా ఆపరాదు.

వీటిలో దేనికీ లక్షలు అక్కరలేదు.